నోరు తెరిచి అడగని ఇల్లు

"ఎంగిలి గిన్నెలు వాటికవే లేచి కడుక్కుంటాయేమో, చూద్దాం తల్లీ!" అంది పెరుందేవమ్మ, పెరట్లో తులసికోటతో.

తులసమ్మ నోరు విప్పలేదు. కుళాయి కింద గుట్టగా పడున్న గిన్నెలూ కదల్లేదు. నిన్న ఏకాదశి. ఉపవాసమని చెప్పి పొద్దున గోధుమరవ్వ ఉప్మా, రాత్రికి అటుకులు, మధ్యలో పాలు, పళ్ళు లాగించిన ఇల్లు ఇది. ఇవాళ ద్వాదశి పారణ అని తెల్లవారగానే అవిసాకు కూరతో సహా పెద్ద భోజనమే అయింది. తినడానికి అందరికీ చేతులున్నాయి. కడగడానికి మాత్రం ఒక్క చెయ్యే ఉంది. అది కోడలు శ్రీకరి ఎడమచెయ్యి.

కుడిచేతికి పుత్తూరు కట్టు. పోయిన వారం ఈ పెరట్లోనే, పాచి పట్టిన రాళ్ళ మీద జారి మణికట్టు విరగ్గొట్టుకుంది. "కట్టు తడవకూడదమ్మా. తడిస్తే ఎముక వంకరగా అతుక్కుంటాది, ఆ చెయ్యి మళ్ళా నీ మాట వినదు" అని పుత్తూరులో కట్టు కట్టిన పెద్దాయన మరీ మరీ చెప్పి పంపాడు.

ఆ కట్టులో ఆకుపసరుతో పాటు కోడిగుడ్డు తెల్లసొన కలుపుతారు. ఆ సంగతి చెవిన పడ్డప్పటి నుంచీ పెరుందేవమ్మ కోడల్ని వంటింటి గడప తొక్కనివ్వడం లేదు. గుడ్డు అంటిన చెయ్యి మడి వంటకు పనికిరాదు. ఎంగిలి గిన్నెలకు మాత్రం పనికొస్తుంది. ఎవరు పెట్టారో గానీ భేషైన కట్టుబాటు.

శ్రీకరి కట్టు మీద ప్లాస్టిక్ సంచి చుట్టుకుని, దాని మూతిని పళ్ళతో పట్టుకుని ముడి వేసుకుంది. పీట మీద కూర్చుంది. హాల్లోంచి మొగుడి గొంతు తేనె పూసినట్టు వినిపించింది.

"తు పుర్రే ఫేర్ లా వెసెల్, సిల్ తె ప్లే?"

పరాశర్ లాప్‌టాప్ ముందు కూర్చుని అదే ముక్క మళ్ళీ మళ్ళీ పలుకుతున్నాడు. ఇంట్లో ఎవరితోనూ ఆ మనిషి అంత మెత్తగా మాట్లాడిన పాపాన పోలేదు.

"ఏమంటుండాడే వాడు?" అంది పెరుందేవమ్మ.

"‘కాస్త గిన్నెలు కడిగిపెడతావా, ప్లీజ్’ అంటున్నారు అత్తమ్మా."

"ఎవర్ని?"

"సోఫీని."

"ఎవురామె?"

"పాఠంలో స్నేహితురాలు. పాఠంలో ఆయనకి చెయ్యి విరిగినట్టు. ఇంటిపనికి సాయం రమ్మని అడుగుతున్నారు. ఇవాళ పరీక్షలో అదే వస్తుందట."

పెరుందేవమ్మ మూతి విరిచింది. "యాడుండాదో ఆ సోఫీ, రమ్మను. ఈడ గిన్నెలకేం కొదవ!"

శ్రీసిటీలో పరాశర్ పనిచేసే కంపెనీకి ఫ్రాన్సు నుంచి ఇంజనీర్లు సంసారాలతో సహా దిగుతున్నారు. వాళ్ళ మంచిచెడ్డలు చూసుకునే పై ఉద్యోగం ఒకటి ఖాళీగా ఉంది. దానికి ఫ్రెంచి రావాలి. ఆఫీసు ఫ్రెంచి కాదు, ఇంట్లో మాట్లాడుకునే ఫ్రెంచి. భోజనానికి పిలిస్తే పోవాలి, లేచి పళ్ళెం తీయాలి, మర్యాదగా సాయం అడగాలి, అడిగితే చెయ్యాలి. అందుకే ఈ వీడియో పరీక్ష.

శ్రీకరి పుదుచ్చేరిలో పుట్టి పెరిగిన పిల్ల. ఫ్రెంచి ఆమెకు చిన్నప్పటి నుంచి నాలుక మీద ఉంది. "నేను నేర్పిస్తానండీ" అని పెళ్ళయిన కొత్తల్లోనే అన్నది. "నీది ఇస్కూలు ఫ్రెంచి, అది చాలదులే" అని పరాశర్ తీసిపారేశాడు. తీసిపారేసి, ఎక్కడో ముక్కూమొహం తెలియనివాడి దగ్గర ఆన్‌లైన్ క్లాసులో చేరాడు. ఇంట్లో పెళ్ళానికి తెలిసింది విద్య కాదు కదా!

ఈ ఇంటి సంప్రదాయం ఒకటి చెప్పాలి. ఇక్కడ ఎవరూ ఎవర్నీ ఏమీ అడగరు. మామగారు సంపత్కుమార్‌కు కాఫీ కావాలంటే గొంతు సవరిస్తాడు. పరాశర్ ఖాళీ గ్లాసును టీపాయ్ మీద టకటకమనిపిస్తాడు. పెరుందేవమ్మ తులసమ్మకో, గోడ మీద పెరుమాళ్ళ పటానికో విన్నవించుకుంటుంది. అది విని ఎవరో ఒకరు లేచి చెయ్యాలి. చేసినా చేశావనరు, ఎందుకంటే అడగలేదు గదా!

పెరటి తలుపు చప్పుడైంది. సంపత్కుమార్ పాలప్యాకెట్లతో వచ్చి, గిన్నెల గుట్టను చూడనట్టు చూసి, పంచె కొంగుతో మొహం తుడుచుకున్నాడు.

"తాయమ్మ కనపడినాది, పాలబూతు కాడ," అన్నాడు.

గిన్నెలు తోమే తాయమ్మ వారం నుంచీ పనిలోకి రావడం లేదు. శ్రీకరి కుళాయి కట్టేసింది.

"ఏమంటుంది మహారాణి?" అంది పెరుందేవమ్మ.

"రానంటాది."

"రాకుంటే పీడ పోయె."

"పూర్తిగా విను. ‘పెద్దమ్మ వచ్చి నోరు తెరిచి పిలిస్తే వస్తా. ఇంకెవురు వచ్చినా రాను’ అనింది."

"నేనా! నేను పోయి దాన్ని పిలవాల్నా?" పెరుందేవమ్మ గొంతు పక్కింటి గోడ దాటింది. "మడి వంటింట్లోకి జొరబడింది గాక, కుండలో చెయ్యి పెట్టి నీళ్ళు ముంచింది గాక, మళ్ళా నేను పోయి బతిమాలాల్నా?"

"నా కోసం ముంచింది అత్తమ్మా," అంది శ్రీకరి.

"నువ్వు నోరు మూసుకో."

"నేను ఇక్కడే పడిపోయినాను. మీరు మడిలో ఉండి నన్ను ముట్టుకోలేదు. మామయ్య వాకిట్లో ఉన్నారు. తాయమ్మ నన్ను రెండు చేతులా ఎత్తి, దగ్గరగా ఉందని వంటింట్లో కూర్చోబెట్టి, గొంతులో నీళ్ళు పోసింది. నాకు తెలివొచ్చేసరికి మీరు వంటిల్లు కడుగుతున్నారు. ఆమె గడపలోనే ఉంది. చూస్తా ఉంది."

"కడగొద్దా మరి? కుండ పారబోయద్దా?"

"ఆమె పోయినాక కడగొచ్చు కదా!"

సంపత్కుమార్ చంకలోని పేపరు తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఇలాంటప్పుడు ఆయనకు పేపరులో చిత్తూరు మామిడికాయల ధర కూడా మహా ముఖ్యమైన వార్త అయిపోతుంది.

"మామయ్యా, మీరైనా చెప్పండి."

"నాకేం తెలుసమ్మా ఆడోళ్ళ సంగతులు!" అన్నాడు పేపరు వెనక నుంచి. ఆ వెంటనే గొంతు సవరించాడు. కాఫీ కావాలి.

శ్రీకరికి ఒళ్ళు మండింది. ఎడమచేత్తో పాలగిన్నె లాక్కుంది. అది అడుగంటి ఉంది. కదలకుండా పట్టుకోడానికి రెండో చెయ్యి కావాలి. మోచేత్తో అదిమి రుద్దబోతే గిన్నె జారి నీళ్ళలో పడింది, నీళ్ళు చిమ్మి సంచిలోకి పోయాయి. కట్టు అంచు తడిసింది.

ఆమె గబుక్కున లేచి సంచి విప్పి, పొడిగుడ్డ కోసం హాల్లోకి పరిగెత్తింది. హాల్లో అప్పటికే పరీక్ష మొదలైంది.

తెర మీద తెల్లజుట్టు ఫ్రెంచావిడ, మదాం క్లేర్, నవ్వుతూ కూర్చుని ఉంది. ఇస్త్రీ చొక్కా వేసుకుని, కింద లుంగీతోనే కూర్చున్న పరాశర్ సోఫీని బతిమాలుతున్నాడు. సోఫీ పాత్ర మదాందే. బట్టలు ఆరేసిపెడతావా, కూరగాయలు తరిగిపెడతావా, చెత్త బయట పెడతావా, నీకు ఇబ్బంది కాకపోతేనే సుమా! ఒక్కో వాక్యానికీ తల కొద్దిగా పక్కకు వంచుతున్నాడు. ఆ వంపు కూడా ఎక్కడో నేర్చుకున్నదే.

పెరుందేవమ్మ గుమ్మం దగ్గరికొచ్చి మురిసిపోయింది. "ఎంత బాగా మాట్లాడతా ఉండాడో సూడండి నా కొడుకు!"

సంపత్కుమార్ పేపరు దించి తల ఊపాడు. ముక్క అర్థం కాకపోయినా ఊపాడు.

"చాలా బాగుంది," అంది మదాం ఫ్రెంచిలో. "ఇప్పుడు పాఠం పక్కన పెట్టి మామూలుగా మాట్లాడుకుందాం. మీ ఇంట్లో గిన్నెలు ఎవరు కడుగుతారు?"

పరాశర్ కన్ను ఆర్పలేదు. "సె మ్వా," అన్నాడు. నేనే.

శ్రీకరి గుడ్డ పట్టుకుని నిలబడిపోయింది.

"రోజూనా?"

"రోజూ. నాకిష్టం మదాం. మా అమ్మ వంట, నేను గిన్నెలు. నా భార్యకు చెయ్యి విరిగింది, పాపం. ఆమెను మంచినీళ్ళు కూడా ముంచుకోనివ్వను."

అబద్ధానికి కూడా హద్దుండాలి. ఆ ‘పాపం’ అన్నమాట దగ్గర శ్రీకరికి లోపల ఏదో తెగింది. ఆ ఇంట్లో ఆ మాటలు అర్థమయ్యేది ఆమె ఒక్కదానికే. ఆ సంగతి అతనికి తెలుసు. తెలిసీ ఆమె ముందే అంటున్నాడు, ఏం చేస్తుందిలే అనే ధీమా.

ఆమె నడిచివెళ్ళి లాప్‌టాప్ ముందు నిలబడింది. తడిసిన కట్టు, పైకెగదోపిన చీర, నుదుటి మీద అంటుకున్న జుట్టు, అన్నీ తెర మీద కనిపించాయి.

"బోన్‌జూర్ మదాం. నేను పరాశర్ భార్యని."

మదాం మొహం విప్పారింది. పరాశర్ మొహం మాడింది.

శ్రీకరి మొగుడి వైపు తిరిగింది. పెళ్ళయినప్పటి నుంచీ "ఏమండీ" తప్ప ఎరగని నోటితో పేరు పెట్టి పిలిచింది. అతను పొద్దున్నుంచీ వల్లించిన ముక్కనే, అతనికంటే చక్కగా, తల కూడా కొద్దిగా పక్కకు వంచి అడిగింది.

"పరాశర్, తు పుర్రే ఫేర్ లా వెసెల్, సిల్ తె ప్లే? సా నె తె దెరాంజ్ పా?"

పరాశర్, గిన్నెలు కడిగిపెడతావా, ప్లీజ్? నీకేం ఇబ్బంది లేదు కదా?

పరాశర్ తెర వంక చూశాడు. పెళ్ళాం వంక చూశాడు. తప్పించుకునే దారి లేదు. పై ఉద్యోగం ఆ తెల్లజుట్టావిడ చేతిలో ఉంది.

"బియాఁ సూర్," అన్నాడు. తప్పకుండా. "అవెక్ ప్లెజీర్." సంతోషంగా.

మదాం చప్పట్లు కొట్టింది. "బ్రావో! అయితే నన్ను కూడా తీసుకెళ్ళండి. కడుగుతూ ఏం చేస్తున్నారో ఫ్రెంచిలో చెప్పండి. పరీక్షలో చివరి భాగం అదే అనుకుందాం."

లాప్‌టాప్‌లో ఉన్న మదాం ఫోన్‌లోకి మారింది. ఇస్త్రీ చొక్కా, లుంగీ, చేతిలో ఫోను. పరాశర్ పెరట్లోకి నడిచాడు.

"యాడికిరా? ఆ పక్కకి పోవద్దు, ఎంగిలి ఆడంతా!" అని కేక పెట్టింది పెరుందేవమ్మ. అతను నోరు మూసుకొమ్మని సైగ చేసి, పళ్ళికిలిస్తూనే ఫోనును బట్టలుతికే రాతి మీద నిలబెట్టాడు. పీట మీద గొంతుక్కూర్చున్నాడు. గిన్నెల వంక చూశాడు. గిన్నెలు అతన్ని మొదటిసారి చూస్తున్నాయి.

"నీళ్ళు తిప్పుతున్నాను," అన్నాడు ఫ్రెంచిలో. తిప్పాడు. ఆ తర్వాత చెయ్యి గాలిలో ఆగింది.

"ఏమే, సబ్బు యాడుండాది?" అని పళ్ళ సందునుంచి గొణిగాడు.

శ్రీకరి తులసికోటకు ఆనుకుని నిలబడింది. "రోజూ కడిగేవాళ్ళకి తెలీదా?"

"ఆట్లాడొద్దు. పీచు యాడ?"

"ఏమడుగుతున్నారు?" అంది మదాం.

"సబ్బు, పీచు ఎక్కడున్నాయని అడుగుతున్నారు మదాం," అంది శ్రీకరి, మదాం భాషలోనే, వినయంగా.

మదాం నవ్వు కాస్త చిన్నదైంది. పరాశర్ అడుగంటిన పాలగిన్నె తీసుకుని ఉత్త చేత్తో పాముతూ, "రుద్దుతున్నాను... రుద్దుతున్నాను..." అంటూ ఒకే మాట తిప్పితిప్పి అన్నాడు. మిగతా మాటలన్నీ ఎటో పోయాయి. చొక్కా ముందుభాగమంతా మసి అయింది.

"ధన్యవాదాలు. ఫలితం కంపెనీకి పంపిస్తాను," అంది మదాం. ఫోను తెర నల్లబడింది.

పరాశర్ గిన్నె విసిరికొట్టాడు. "నా కొంప ముంచినావు గదే!"

"నేనేం చేశానండీ? మర్యాదగా సాయం అడిగినాను. మీరు సోఫీని అడిగినట్టే."

"నిలువునా నా పరువు తీసి, మళ్ళా మాటలా? ఆమె ముందర నన్ను అబద్ధాలకోరును చేసినావు!"

"చెయ్యలేదు. మీరు చెప్పింది అబద్ధమని నేను ఒక్క మాట అనలేదు. దాన్ని నిజం చేసుకోమని అవకాశం ఇచ్చినాను. సబ్బు ఎక్కడుంటుందో తెలియని మొహానికి అది కూడా చేతకాలేదు."

"మొగుణ్ణి అనే మాటలేనా అవి!" అని పెరుందేవమ్మ అందుకుంది. "పెరుమాళ్ళే, ఈ పాండిచ్చేరి పీడను..."

అంతలో పక్కింటి మిద్దె మీద నుంచి గొంతు వినిపించింది. చంద్రకాంతమ్మ వడియాలు పెట్టడం ఆపి, పిట్టగోడ మీదకు వంగి చూస్తోంది.

"పెరుందేవమ్మా! పరాశర్ గిన్నెలు తోముతుండాడే! కోడలు నిలబడి చూస్తా ఉండాదే! బాగుండాది మీ ఇంటి సంగతి!"

వీధిలో ఈ మాట సాయంత్రానికి గోవిందరాజస్వామి గుడి దాకా పోతుంది. పెరుందేవమ్మకు ఆ సంగతి అందరికంటే బాగా తెలుసు, ఎందుకంటే పక్కిళ్ళ మాటలు అంతదూరం మోసేది ఆమే.

ఆమె మొహం నల్లబడింది. కొడుకును చెయ్యి పట్టుకుని లేపింది. విసవిసా వాకిట్లోకి పోయి, మడిచీరతోనే చెప్పులు తొడుక్కుంది. మడిలో ఆమె చెప్పులు వేసుకోవడం ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు.

"ఆ తాయమ్మ ఇల్లు యాడుందో ఎవరికన్నా తెలిస్తే బాగుండు," అంది గుమ్మానికి కట్టిన మామిడాకులతో.

ఇన్నేళ్ళు తన ఇంట్లో ఒళ్ళు వంచిన మనిషి ఇల్లెక్కడో ఆమెకు తెలియదు. శ్రీకరికి తెలుసు. ఆటోను చెయ్యెత్తి ఆపింది.

జీవకోనలో, కొండ కిందకి వంగిన సందులో, తాయమ్మ వాకిట్లో చింతపండు గింజలు తీస్తోంది. ఆటో దిగిన ఇద్దర్నీ చూసింది. లేవలేదు. శ్రీకరి చేతిని మాత్రం చూసి, "కట్టు తడిపినావా బిడ్డా?" అంది.

"తడిసింది తాయమ్మా."

"తడిసింది కాదు. తడిపించినారు," అని మళ్ళీ గింజల మీదకు వంగింది.

పెరుందేవమ్మ చీర కుచ్చెళ్ళు పైకెత్తి పట్టుకుని నిలబడింది. వాకిట్లో కోడి ఒకటి ఆమె కాళ్ళ దగ్గర గింజలు ఏరుతోంది. ఆమె దానికి దూరం జరిగింది. దాని వంకే చూస్తూ మొదలుపెట్టింది.

"ఇంట్లో గిన్నెలు గుట్టగా పడుండాయి. కోడలికి చెయ్యి బాగలేదు. ఎవరన్నా వచ్చి చూసుకుంటే..."

తాయమ్మ గింజ పక్కన పడేసింది. "ఏయ్ కోడీ, పెద్దమ్మ నిన్నే పిలస్తా ఉండాది. పో, పోయి గిన్నెలు తోమిరా!"

పక్కింటి గడపలో ఎవరో ఆడపిల్ల కిసుక్కున నవ్వింది. పెరుందేవమ్మ చెవులు ఎర్రబడ్డాయి.

"నీతోనే మాట్లాడతా ఉండాను."

"నాతో అయితే నా మొగం సూసి సెప్పు పెద్దమ్మా. నాకూ ఒక పేరుండాది."

పెరుందేవమ్మ నోరు తెరిచింది. మూసింది. మళ్ళీ తెరిచింది. పిలుపు మాట కోసం వెతుక్కుంది. అది రాదు. ఎప్పుడూ వాడని తాళంచెవి తుప్పు పట్టినట్టు పట్టేసింది. ఆమె కోడలి దగ్గరగా జరిగి, గొంతు తగ్గించింది.

"వాడు పొద్దున్నుంచి అరుస్తా ఉండినాడే, ఆ మాట. ఎట్లా అంటారు దాన్ని? నాకు ఒక తూరి నేర్పు. అదైతే అనేస్తాను."

శ్రీకరి ఆమె మొహంలోకి చూసింది. ఎగతాళి కాదు. నిజంగానే అడుగుతోంది. తాయమ్మకు అర్థం కాని భాషలో అడిగితే అడిగినట్టూ ఉంటుంది, అడగనట్టూ ఉంటుంది. కొడుక్కి ఆ తెలివి ఎక్కడి నుంచి వచ్చిందో శ్రీకరికి అప్పుడు తెలిసింది. అసహ్యం వేసింది. జాలి కూడా వేస్తుందేమోనని చూసుకుంది. వెయ్యలేదు.

"నేర్పను అత్తమ్మా."

"ఏందే?"

"నేర్పను. ఆమెకి తెలిసిన మాటలోనే అడగండి. మీరడగకపోతే నేను ఆటో ఎక్కి పుత్తూరుకే పోతాను, కట్టు మార్పించుకోడానికి. అక్కడి నుంచి మీ ఇంటికి రాను."

పెరుందేవమ్మ కోడలి వంక చూసింది. తాయమ్మ వంక చూసింది. పెదవులు కదిలాయి.

"తాయమ్మా..." అంది.

ఆ పేరు ఆమె నోట అరుపుగా కాక మామూలుగా రావడం బహుశా అదే మొదలు. తాయమ్మ చేతులు దులుపుకుంది. లేచింది. చింతపండు చేట గోడకు ఆనించి, తలుపు రెండు రెక్కలూ బార్లా తీసింది. లోపల నల్లబడిన గోడ పక్కన గ్యాసు పొయ్యి, దాని మీద అన్నం గిన్నె, మూల మట్టికుండ కనిపించాయి.

"ఈడ వాకిట్లో నిలబడి అడగొద్దు పెద్దమ్మా, ఎండగా ఉండాది," అంది. "లోపలికి రా. నా వంటింట్లో నిలబడి అడుగు. కుండలో నీళ్ళుండాయి, నేనే ముంచిస్తా, తాగు. తాగి అడుగు."

పెరుందేవమ్మ ఆ కుండ వంకే చూసింది.

"బయపడొద్దు," అంది తాయమ్మ. "నువ్వు పోయినాక నేనేం కడుక్కోనులే."

సందులో ఎవరూ నవ్వలేదు. పెరుందేవమ్మ గడప వంక చూసింది. తర్వాత ఒక కాలి చెప్పు విడిచింది. రెండోది కాలికే ఉంది.